ఎంత ఉంది?

మా గ్యారేజీలో పెద్ద మేస్త్రీ అయిన ఉస్తాద్ ఆ పిస్టన్‌ని గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూడమన్నారు. నడుమ నున్నగా ఉంది. అంచుకు వచ్చేసరికి వేలికి గరుకు తగిలింది. సూది మొనతో వందసార్లు పొడిచినట్టు సన్నటి గుంటలు, ఉప్పునీరు తిన్న సిమెంటు గోడలా. రెండు వారాల క్రితం నేనే విప్పి, నేనే కట్టిన ఇంజన్ అది. యమహా బన్షీ క్వాడ్, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి. రెండు సిలిండర్లు, 347 సీసీ, టూ స్ట్రోక్.

"హెడ్ బిగించినప్పుడు ఎంత ఉంది?" అని అడిగారు.

"సరిపోయింది ఉస్తాద్" అన్నాను.

"సరిపోయింది అంటే అంకె కాదు బేటా. ఎంత?"

ఆయన అడిగింది పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానికీ, సిలిండర్ మూత అయిన హెడ్‌కీ మధ్య అంచున మిగిలే ఖాళీ గురించి. నా దగ్గర అంకె లేదు. కొలవలేదు కాబట్టి లేదు. ఆయన గొంతు పెంచలేదు, పక్కన కుర్రాళ్లకు వినబడేలా కూడా అనలేదు. అయినా ఆ రాత్రి రూములో నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లు టూ స్ట్రోక్ బళ్ల మీదే బతికినవాణ్ని. గల్ఫ్‌కి వచ్చి ఒక అంకె చెప్పలేక తల దించుకోవడమేంటని ఒకటే బాధ.

మన దగ్గర ఎవరైనా మేస్త్రీని "ఎంత పెట్టావ్?" అని అడుగుతారా? అడిగితే ఆయన చేతిని అనుమానించినట్టే. నా గురువు ఆర్ఎక్స్ 100 కిక్కర్‌ని చేత్తో సగం దాకా నొక్కి, ఆ బరువును బట్టి కంప్రెషన్, అంటే లోపల మిశ్రమం ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చెప్పేవారు. చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్పేవారు. తప్పు చెప్పగా నేను వినలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో ఇదొకటి: బండి వేడెక్కుతోందా, చిటచిటమని కొడుతోందా, అయితే సిలిండర్ బ్లాక్ కింద ఇంకో గ్యాస్కెట్, అదే అతుకు మధ్య పెట్టే పల్చటి పొర, వెయ్యి. బ్లాక్ కాస్త పైకి లేస్తుంది, హెడ్ దూరం అవుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, ఇంజన్ చల్లగా నడుస్తుంది. ఈ బన్షీకి కూడా అదే చేశాను. ఓనరు ఇసుక కొండలు ఎక్కిస్తాడు కదా, ఇంజన్ మీద లోడ్ ఎక్కువ, జాగ్రత్తగా ఉంటుందని అర మిల్లీమీటరు గ్యాస్కెట్ ఒకటి అదనంగా వేశాను. నా మనసులో అది నిర్లక్ష్యం కాదు. బండి మీద ప్రేమతో చేసిన పనే.

మర్నాడు డ్యూటీ అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఉస్తాద్ ఉండిపోయారు. నన్నూ ఉండమన్నారు. కార్బ్యురేటర్ జెట్లు, టైమింగ్, గాలి లీకులు అన్నీ ముందే చూసేశారు. వాటిలో తేడా ఏమీ లేదు. ఇంజన్‌ని అవే గ్యాస్కెట్లతో మళ్లీ నాతోనే కట్టించారు. హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించమన్నారు. గ్యాస్కెట్ పూర్తిగా నొక్కుకుంటేనే అసలు ఖాళీ తెలుస్తుంది. ఊరికే కూర్చోబెట్టి కొలిస్తే అది దొంగ కొలత.

తర్వాత జేబులోంచి సీసం తీగ తీశారు, టంకం వేసే మెత్తటి తీగ. ఖాళీ ఎంత ఉంటుందనుకుంటామో తీగ దానికంటే లావుగా ఉండాలి, లేకపోతే నలగదు. ఇది రెండున్నర మిల్లీమీటర్లు. కొసను ఎల్ ఆకారంలో వంచి, ప్లగ్ రంధ్రంలోంచి దించి, సిలిండర్ గోడకు తగిలేదాకా పోనిచ్చారు. అటూ ఇటూ రెండు ముక్కలు. ఆ రెండూ గజన్ పిన్, అంటే పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్, ఉన్న దిక్కులోనే ఉండాలని పట్టుబట్టారు. పిస్టన్ ముందుకూ వెనక్కూ కొంచెం ఊగుతుంది, పిన్ వెంబడి మాత్రం ఊగదు. వేరే చోట పెడితే ఆ ఊపు కూడా కొలతలో కలిసిపోతుంది. మాగ్నెట్ నట్‌కి రెంచ్ వేసి నన్ను తిప్పమన్నారు. మెల్లగా తిప్పుతుంటే పైన ఒకచోట చేతికి మెత్తటి అడ్డు తగిలింది, దాటింది. పిస్టన్ సీసాన్ని నలిపిన క్షణం అది. పన్నెండేళ్లలో లోపల జరిగేది నా చేతికి అంత స్పష్టంగా తెలియడం అదే మొదటిసారి.

తీగ బయటికి తీస్తే కొస రేకులా చదునైంది. మందం కొలిచే వెర్నియర్ పట్టి నన్నే చదవమన్నారు. ఎడమ సిలిండర్ 2.15 మిల్లీమీటర్లు, కుడి 2.22. ఈ సైజు ఇంజన్‌కి ఆయన పెట్టేది 1.0 నుంచి 1.5 మధ్యలో.

ఎక్కువ ఖాళీ ఉంటే ఇంజన్‌కి మంచిదే కదా అని అడిగాను. అప్పుడు ఆయన చెప్పింది ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది. హెడ్‌లో నడుమ గిన్నె, దాని చుట్టూ పట్టీ ఉంటాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ పట్టీ కింద ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమమంతా ఒక్కసారిగా నడుమకు, ప్లగ్ మంట దగ్గరికి ఎగజిమ్మాలి. అంచున మిగిలే పొర పల్చగా ఉంటే, పైన హెడ్, కింద పిస్టన్ దాన్ని చల్లబరుస్తాయి. ఖాళీ ఎక్కువైతే ఎగజిమ్మడం తగ్గుతుంది, మిశ్రమం అంచునే ఆగిపోతుంది. మంట అక్కడికి చేరేలోపే వేడికీ ఒత్తిడికీ అది తనంతట తానే పేలుతుంది. ఆ పేలుళ్లే పిస్టన్ అంచున గుంటలు. అంటే ఏ చిటచిట రాకూడదని గ్యాస్కెట్ వేశానో, ఆ చిటచిటకి నేనే చోటు ఇచ్చాను. పైగా బ్లాక్ లేచిందంటే పోర్టులు కూడా లేచినట్టే, ముందుగా తెరుచుకుంటాయి. తక్కువ స్పీడులో పికప్ తగ్గిందని ఓనరు చెప్పింది అందుకే.

అలాగని బాగా తగ్గించేయడానికీ లేదు. నిమిషానికి 9,000 చుట్లంటే పిస్టన్ సెకనుకు 150 సార్లు పైకి వచ్చి ఆగి వెనక్కి తిరగాలి. ఆ విసురుకి కనెక్టింగ్ రాడ్ కాస్త సాగుతుంది, బేరింగుల్లో ఉన్న కొద్ది సందూ పైకే లాగుతుంది, వేడికి లోహం పెరుగుతుంది. చేత్తో తిప్పినప్పుడు తగలనిది ఆ స్పీడులో హెడ్‌ని కొడుతుంది.

నేను నా గురువు తరఫున వాదించాను, కొంచెం గట్టిగానే. ఆయన చేతిలో ఏ బండీ ఇలా పాడవలేదు అన్నాను. ఉస్తాద్ శాంతంగా విన్నారు. "ఆయన కట్టినవి కంపెనీ హెడ్లు, కంపెనీ క్రాంకులు అయి ఉంటాయి. ఆ బళ్ల కొలత ఆయన చేతికి వచ్చేసింది. ఈ బండి ఎంతమంది చేతులు మారిందో, ఎవరు హెడ్ కోశారో నీకూ నాకూ తెలియదు" అన్నారు. ఒక్క మాట కూడా ఆయన్ని తక్కువ చేసి అనలేదు. నేను మాత్రం ఇప్పటికీ అనుకుంటాను, వెర్నియర్ పట్టుకున్న ప్రతివాడికీ నా గురువు చెవి రాదు. ఇక్కడ కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు అంకె ఉంటుంది, చప్పుడు వినబడదు. ఆ చెవి మన దగ్గరే తయారవుతుందని నా నమ్మకం. దాని పక్కన ఒక సీసం తీగ ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

అదనపు గ్యాస్కెట్ తీసేస్తే 1.65, 1.72 వచ్చాయి. హెడ్ ముఖం లేత్ మీద 0.4 కోయించారు. కోస్తే గిన్నె కూడా చిన్నదై కంప్రెషన్ పెరిగిపోతుంది కాబట్టి, గిన్నెను ఆ మేరకు చెక్కించి, గీతలున్న కొలత గొట్టం, బ్యూరెట్‌తో నూనె పోసి కొలిచారు. ఖాళీ ఒక లెక్క, గిన్నె ఇంకో లెక్క. నేను పన్నెండేళ్లూ రెండిటినీ ఒకటే అనుకున్నాను. కొత్త పిస్టన్లు వేసి మళ్లీ తీగ నలిపితే ఎడమ 1.25, కుడి 1.32.

ఓనరు వచ్చినప్పుడు నా గుండె దడదడలాడింది. ఉస్తాద్ నా వైపు చూడలేదు. "మా దగ్గర పొరపాటు జరిగింది, మేమే సరిచేశాం" అన్నారు. మా దగ్గర అన్నారు. వీడు చేశాడు అనలేదు. పరాయి దేశంలో ఆ ఒక్క మాట ఎంత బరువు దించుతుందో, ఇలా దూరంగా పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

శుక్రవారం గురువుగారికి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి గ్యాస్కెట్ సంగతితో సహా మొత్తం చెప్పాను. నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు.

"ఒరేయ్, ఆ తీగ ఎంత లావుది వాడారు?" అన్నారు.

రెండున్నర అన్నాను. రాసుకుంటున్నట్టున్నారు, మళ్లీ ఒకసారి చెప్పమన్నారు.