కొత్త మోడల్ రైలు లేఅవుట్: రెండో టన్నెల్ ముందు ఖాళీ వ్యాగన్లు ఎందుకు పడుతున్నాయి

మళ్ళీ పడ్డాయి. అదే చోట, రెండో టన్నెల్‌కి జానెడు ముందు. ఇంజన్లు మూడూ దాటేస్తాయి, ఆ తర్వాత నాలుగోదో ఐదోదో వ్యాగన్ వంపు లోపలి వైపుకి ఒరుగుతుంది, వెనకున్నవన్నీ దాని మీదకి వచ్చి పడతాయి. ఎక్కేటప్పుడు మాత్రమే. దిగేటప్పుడు ఏ గొడవా లేదు.

పాత లేఅవుట్ మొత్తం పీకేశాను. విశాఖ సీతమ్మధార వాలులో మా ఇంటికి రోడ్డు కంటే కిందకి ఒక గది ఉంది, సెల్లార్ అంటాం. సముద్రపు గాలి, వానాకాలంలో గోడల చెమ్మ కలిసి పాత ఎండీఎఫ్ (చెక్క పీచు బోర్డు) బల్ల అంచులు ఉబ్బిపోయాయి, ఇత్తడి పట్టాలు ఎంత తుడిచినా మళ్ళీ నల్లబడేవి. ఇత్తడి పట్టాలు ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఈసారి 12 మి.మీ. ప్లైవుడ్, పెకో కంపెనీ కోడ్ 100 నికెల్ సిల్వర్ పట్టాలు (కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). కోడ్ 83 చూడటానికి నాజూగ్గా ఉంటుంది, కానీ నా దగ్గరున్న లోతు ఫ్లాంజిల (చక్రం లోపలి అంచుల) పాత చక్రాలు కోడ్ 100 మీదే హాయిగా తిరుగుతాయి.

థీమ్ కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను, బొర్రా గుహల నుంచి శిమిలిగుడ దాకా. అసలు లైన్లో 58 సొరంగాలు, నా దగ్గర మూడు. 996 మీటర్ల ఎత్తులో ఉండే శిమిలిగుడ స్టేషన్ నా బల్ల మీద 14 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, గ్రేడు (ఎక్కే వాలు) 2.5 శాతం. డీసీసీ (ఇంజన్లని డిజిటల్‌గా నడిపే పద్ధతి) వైరింగ్ పెట్టగానే పనిచేసింది, కొండల బ్యాక్‌డ్రాప్ అనుకున్నదానికంటే బాగా వచ్చింది.

ఇక అసలు సంగతి. కేకే లైన్లో బైలడిల్లా ఇనుప ఖనిజం కిందకి దిగుతుంది, ఖాళీ రేక్ (వ్యాగన్ల వరస) పైకెక్కుతుంది. ముందు మూడు డబ్ల్యూఏజీ-5 కరెంటు ఇంజన్లు, వెనక ఖాళీ వ్యాగన్లు, నాకు ఆ దృశ్యమే కావాలి. కాబట్టి లోడు పోసేసి సమస్య తప్పించుకోవడం కుదరదు.

ముందు చక్రాలు చూశాను. బ్యాక్ టు బ్యాక్ (జత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం) అన్నిటికీ 14.4 మి.మీ. ఉంది. కప్లర్ల ఎత్తు సమానం. వ్యాగన్ల వరస మార్చి చూశాను, ఏది నాలుగో చోట ఉంటే అదే పడుతోంది. ఆ జాగాలో గేజ్ (పట్టాల మధ్య దూరం) 16.6 మి.మీ., తేడా ఏమీ లేదు. రెండు పట్టాల మట్టం కూడా సరిగ్గానే ఉంది. అప్పుడు మా మేనల్లుడు అన్నాడు, "మావయ్యా, వాన పడిన రోజు పడట్లేదు కదా" అని. నిజమే! వాన రోజుల్లో డీహ్యూమిడిఫయర్ తక్కువ నడుస్తుంది, కరెంటు పోతూ ఉంటుంది కాబట్టి. దాన్ని రెండు రోజులు ఆపకుండా నడిపాక గదిలో తేమ 84 నుంచి 56 శాతానికి దిగుతుంది, సరిగ్గా అప్పుడే పడటం మొదలవుతోంది.

దీంతో 300 మి.మీ. స్టీలు స్కేలు తీసుకుని, వంపులో బయటి పట్టా లోపలి అంచుకి రెండు కొసలూ ఆనించి మధ్యలో ఖాళీ కొలిచాను. నా వంపు 610 మి.మీ. వ్యాసార్థం, బయటి పట్టాకి 618, ఆ లెక్కన 18.5 మి.మీ. రావాలి. చెమ్మగా ఉన్న రోజు 18.6 వచ్చింది. పొడి రోజు 20.3! అంటే ఆ ఒక్క చోట బయటి పట్టా వంపు 618 నుంచి 564కి బిగుసుకుంది. వేడి వల్ల అనుకుందామంటే సెల్లార్లో ఉష్ణోగ్రత మహా అయితే మూడు డిగ్రీలు మారుతుంది, దానికి ఆ అర్ధవృత్తంలోని పట్టా 0.1 మి.మీ. మించి సాగదు. కదులుతోంది చెక్క. బల్ల మీద రెండు మీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి టేపుతో చూస్తే పొడి రోజున దాదాపు ఒక మి.మీ. తగ్గింది. బల్ల కుదించుకుపోతోంది, పట్టా కుదించుకోదు, మిగిలిన పొడవు ఎక్కడికో పోవాలి కదా. రైల్ జాయినర్ (రెండు పట్టాల్ని కలిపే ముక్క) కోసం మూడు స్లీపర్లు కోసిన జాగా ఒక్కటే వదులుగా ఉంది, అక్కడ బయటికి ఉబ్బుతోంది.

అయినా ఇంజన్లు దాటి వ్యాగన్లే ఎందుకు పడాలి? నా అంచనా ఇది. ఎక్కేటప్పుడు ముందు లాగుడు, వెనక బరువు కలిసి మధ్యలోని తేలిక వ్యాగన్‌ని వంపు లోపలికి గుంజుతాయి. దానికి తోడు మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., మన మోడల్ స్కేలు 1:87లో 19.3 రావాలి, మనం నడిపేది 16.5 మీద. వెడల్పు బాడీ, ఇరుకు కాళ్ళు. తూకం వేస్తే వ్యాగన్ 61 గ్రాములే. ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) సూత్రం (ఒక ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకి అర ఔన్సు) ప్రకారం 12.3 సెం.మీ. వ్యాగన్‌కి 97 గ్రాములు ఉండాలి. ఆ తక్కువైన బరువు పైన పెడితే ఖాళీ వ్యాగన్‌లా కనిపించదు కాబట్టి ఫ్లోర్ కింద 1 మి.మీ. సీసం రేకు కత్తిరించి అంటించాను, 89 దాకా వచ్చింది. ఇప్పుడు పొడి రోజున కూడా తొమ్మిది వ్యాగన్లు దాటుతున్నాయి. పద్నాలుగు పెడితే మళ్ళీ మామూలే. నాకు పద్నాలుగు కావాలి.

కేటో యూనిట్రాక్ (అడుగు దిమ్మతో సహా వచ్చే రెడీమేడ్ ట్రాక్ ముక్కలు) వేస్తే ఇది ఉండదు, ఒప్పుకుంటాను, కానీ ఘాట్ లైను మెలికలు దాంతో రావు. ఈ ఆదివారం ఆ జాయింట్ దగ్గర రాగి పూత ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) స్లీపర్లు పెట్టి పట్టాల్ని వాటికి సోల్డర్ చేస్తాను. వంపు రెండు కొసల్లో, నేరుగా ఉన్న ట్రాక్ మీద ఒక్కో మి.మీ. గ్యాప్ కోస్తాను. ప్లైవుడ్ అడుగునా అంచుల్లోనూ వార్నిష్ రెండు కోట్లు. అంచులే ఎక్కువ తేమ పీలుస్తాయి, మా వడ్రంగి ముందే చెప్పాడు.

అరకు స్టేషన్ వచ్చే మూడో భాగానికి ప్లైవుడ్ వద్దనుకుంటున్నాను. చెక్క ఫ్రేమ్ మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి పాలీస్టైరీన్ పలక) వేద్దామని ఉంది. వేడికి అది చెక్క కంటే ఎక్కువ సాగుతుంది గానీ నీళ్ళు దాదాపు పీల్చదు, మా సెల్లార్‌కి అదే సరిపోతుంది. దాని మీద ఫెవికాల్ ఆరడానికి చాలా టైం పడుతుంది, పలచగా రాసి బరువు పెట్టి వదిలేయాలి. ముందు ఒక మీటరు ముక్క తెచ్చి, పక్కనే ప్లైవుడ్ ముక్క పెట్టి, రెండింటికీ గుండుసూదులు గుచ్చి కొలుస్తాను.