పేరు లేని ప్రాణి

అమెరికాలో పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇంగ్లిష్ క్లాసులో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల ఉండటంతో, రాత్రి భోజనాలయ్యాక నేనూ తనతోపాటు చదవడం మొదలుపెట్టాను. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది నవలలో ఒక వికృత ప్రాణిని సృష్టించిన విక్టర్ ఇంటిపేరనీ, ఆ ప్రాణికి అసలు పేరే లేదనీ తను చెబితేగాని నాకు తెలియలేదు; 1818లో నవల కూడా రచయిత్రి పేరు లేకుండానే వెలువడిందట. ధ్రువయాత్రికుడి ఉత్తరాల్లో విక్టర్ కథ, అందులో మళ్లీ ఆ ప్రాణి కథ, మన కాశీమజిలీల మాదిరిగా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. గోడ సందులోంచి ఒక పేద కుటుంబాన్ని నెలల తరబడి గమనిస్తూ అది మాటలు నేర్చుకునే అధ్యాయం అంచున మా అమ్మాయి పెన్సిల్‌తో ‘పాపం’ అని రాసుకుంది. తప్పెవరిదన్నది టీచరు ఇచ్చిన వ్యాసాంశం. విక్టర్‌దేనని అమ్మాయి వాదన; ఆ ప్రాణి చేతిలో విక్టర్ తమ్ముడు, పసివాడైన విలియం హత్య చదివాక నేనింకా తేల్చుకోలేదు.