బాగుచేసిన పాత బోటుకి బీమా: విలువ ఎంతని రాయించాలి, ఎలా నిలబెట్టుకోవాలి

1960ల నాటి చెక్క బోటుకి అడుగు పలకలు మార్చి, వైరింగంతా కొత్తగా లాగి, ఇంజను విప్పి బిగించినా, ఇన్సూరెన్స్ ఫారంలో ముందు కనబడేది తయారైన సంవత్సరమే. ఆ ఒక్క గడిని బట్టి తరుగుదల లెక్క కడితే బోటు విలువ పాత సామాన్ల ధరకి పడిపోతుంది. ప్రమాదం జరిగాక దీని గురించి వాదించి గెలవడం కష్టం. విలువ తేల్చుకోవాల్సింది పాలసీ తీసుకునే రోజునే.

ముందు పాలసీ ఏ రకమో చూడాలి. ‘మార్కెట్ వాల్యూ’ లేదా ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ అని ఉంటే, నష్టం జరిగిన రోజున బోటు ఎంత చేస్తుందో కంపెనీ అప్పుడు లెక్క వేస్తుంది. ‘అగ్రీడ్ వాల్యూ’ అయితే ఇద్దరూ ముందే ఒప్పుకున్న అంకె పాలసీలో ఉంటుంది, బోటు పూర్తిగా పోతే ఆ అంకె ఇస్తారు. ఈ రెండింటి మధ్య ‘స్టేటెడ్ వాల్యూ’ అని ఇంకొకటి ఉంది. అసలు చిక్కు దీనితోనే. మనం చెప్పిన అంకె మీద ప్రీమియం కట్టించుకుంటారు. క్లెయిమ్ వచ్చినప్పుడు మాత్రం ఆ అంకె, ఆ రోజు మార్కెట్ ధర, రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. పేరు వింటే అగ్రీడ్ వాల్యూలాగే ఉంటుంది కాబట్టి, పాలసీ మొదటి పేజీతో సరిపెట్టుకోకుండా ‘టోటల్ లాస్’ (బోటు పూర్తిగా పోవడం, లేదా బాగుచేయించడం దండగన్నంత దెబ్బతినడం) దగ్గర రాసిన వాక్యం చదవాలి. అక్కడ ‘ఏది తక్కువైతే అది’ అన్న మాట కనిపిస్తే అది అగ్రీడ్ వాల్యూ పాలసీ కాదు.

అగ్రీడ్ వాల్యూ బలం చట్టంలోంచే వస్తుంది. బ్రిటన్ 1906 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మోసం లేనంతవరకు పాలసీలో రాసుకున్న విలువే ఇరుపక్షాలకూ అంతిమం. అదే సెక్షన్‌లో చాలామంది చూడని మెలిక ఒకటి ఉంది: బాగుచేయించడం దండగన్నంత దెబ్బ తగిలిందా లేదా అని తేల్చడానికి మాత్రం, పాలసీలో వేరే మాట లేకపోతే, ఆ విలువ అంతిమం కాదు.

లెక్క ఇలా ఉంటుంది. పాలసీలో విలువ 20 లక్షలు. బోటు బయట నిజంగా 30 లక్షలు చేస్తుంది. రిపేరుకి 25 లక్షలు కావాలి. చట్టం మామూలు లెక్కలో 25 అనేది 30 కంటే తక్కువ, కాబట్టి ఇది టోటల్ లాస్ కాదు. కంపెనీ 20 వరకు ఇస్తుంది, మిగతా 5 యజమాని పెట్టుకుని బోటు నిలబెట్టుకోవాలి. ‘ఇన్సూర్ చేసిన విలువనే రిపేరయ్యాక ఉండే విలువగా తీసుకోవాలి’ అన్న క్లాజు ఉంటే 25 అనేది 20 కంటే ఎక్కువ కాబట్టి టోటల్ లాస్ అవుతుంది, 20 లక్షలూ చేతికొస్తాయి. అయితే అలా డబ్బిచ్చాక మిగిలిన బోటు కంపెనీకి పోవచ్చు. ఏళ్లు పట్టి బాగుచేసిన బోటుని వదులుకోలేని వాళ్లు, శకలాన్ని తిరిగి కొనుక్కునే హక్కు పాలసీలో ముందే రాయించుకోవాలి.

ఇక ఆ అంకె ఎంతుండాలి? ఖర్చయిందంతా కూడితే అది విలువ కాదు. ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ, 30 లక్షలు పోసి బాగుచేసిన బోటుకి కొనేవాడు 18 కూడా పెట్టకపోవచ్చు. కంపెనీ చూసేది రెండు: అదే రకం, అదే స్థాయిలో బాగుచేసిన బోట్లు ఎంతకి అమ్ముడయ్యాయి, స్వతంత్ర సర్వేయరు (బోటుని పరీక్షించి విలువ కట్టే నిపుణుడు) ఎంత రాశాడు. పోల్చుకోవడానికి బోట్లే దొరకని అరుదైన రకమైతే సర్వేయరు మాటకి బరువు పెరుగుతుంది. అలాంటప్పుడు మార్కెట్ విలువ, అదే బోటుని కొత్తగా కట్టించే ఖర్చు, రెండూ రిపోర్టులో వేర్వేరుగా ఉండాలని అడగండి.

సర్వే ఒడ్డుకి లాగిన బోటు మీదే జరగాలి. నీళ్లలో ఉండగా రాసిన రిపోర్టుని పాత బోటు విషయంలో చాలా కంపెనీలు తీసుకోవు. చెక్క బోటయితే సర్వేయరు చిన్న సుత్తితో పలకల మీద తట్టుకుంటూ పోతాడు. గట్టి చెక్క ఖణఖణమంటుంది, పుచ్చిన చోట శబ్దం చచ్చుగా వస్తుంది. తర్వాత కీల్ (బోటు అడుగున మధ్యలో పొడవునా ఉండే దూలం) పక్కనుండే మొదటి పలక దగ్గర రెండు మూడు స్క్రూలు తీసి చూపించమంటాడు. కంచు స్క్రూ గోధుమరంగులో గట్టిగా బయటికొస్తుంది. ఎప్పుడో ఎవరో ఇత్తడి వాడి ఉంటే, ఉప్పునీటికి అందులోని జింకు పోయి, గులాబీ రంగు తిరిగిన గుల్ల రాగి మిగిలి ఉంటుంది, స్క్రూడ్రైవర్ తిప్పగానే తల ఊడి వస్తుంది. పైన ఎన్ని పూతల వార్నిష్ వేసినా ఇది కనబడితే విలువ సగానికి దిగినా ఆశ్చర్యం లేదు. ఫైబర్‌గ్లాస్ బోటయితే తేమ మీటరు డెక్కు మీదికి, వెనక గోడ మీదికి వెళ్తుంది, ఎందుకంటే లోపలి చెక్క నానితే పైకి తెలియదు.

రిపోర్టు చివర ‘సరిచేయాల్సినవి’ అని జాబితా ఉంటుంది: నీటి మట్టానికి కింద ఉన్న పైపులకి రెండేసి క్లిప్పులు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, గడువు తీరిన మంటలార్పే సిలిండరు, గట్టిపడి పగుళ్లిచ్చిన పెట్రోలు పైపు. ఇవి చేసి, బిల్లులూ ఫొటోలూ పంపి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. పంపకుండా వదిలేస్తే, అదే పైపు ఊడి బోటు మునిగిన రోజు ఆ జాబితానే మన మీదికి తిప్పుతారు.

కాగితాల్లో ఎక్కువమంది పోగొట్టుకునేది సొంత చాకిరీ విలువ. చెక్కకీ కంచుకీ బిల్లులుంటాయి, 1,500 గంటల పనికి ఉండవు. తేదీ, పని, గంటలు ఒక పుస్తకంలో రాయాలి. ఫొటోలు మూడు దశల్లో కావాలి: విప్పకముందు, విప్పి లోపల కనబడుతున్నప్పుడు, మూశాక. మధ్య ఫొటోయే ముఖ్యం. ఫ్రేము మీద సుద్దతో నంబరు వేసి, పక్కన టేపు పెట్టి తీస్తే, మార్చిన చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సర్వేయరుకి అనుమానం ఉండదు. ఇంజను, గేర్‌బాక్సు నంబర్లు పాలసీలో ఉన్నవాటితో సరిపోవాలి. వీటన్నిటి నకలు బోటులో కాకుండా ఇంకెక్కడైనా ఉంచండి (బోటుతో పాటు ఫైలూ మునిగితే ఏ ప్రయోజనం లేదు).

బోటు పూర్తిగా పోయే సందర్భాలు తక్కువ. ఎక్కువగా వచ్చేవి చిన్న దెబ్బలు, అగ్రీడ్ వాల్యూ వాటిని కాపాడదు. అక్కడ వేరే క్లాజులు పనిచేస్తాయి. తెరచాపలు, కాన్వాస్, బ్యాటరీలు, అడుగు పెయింటు, ఔట్‌బోర్డ్ ఇంజను (బోటు వెనక బయట తగిలించేది) మీద తరుగుదల కోసేయడం మామూలే. వార్నిష్ వేసిన మహాగని బోటుకి పక్క పలక ఒకటి పగిలిందనుకోండి. కొత్త పలక రంగు పాతవాటితో కలవదు. కలపాలంటే ఆ పక్కంతా గీకి, రంగు పట్టించి, ఎనిమిది పది పూతలు మళ్లీ వేయాలి. పాలసీ ‘దెబ్బతిన్న భాగం వరకే’ అంటే ఒక పలక డబ్బులే వస్తాయి. రంగు కలిపే ఖర్చు ఇస్తారా, అదే జాతి చెక్కతో అదే పద్ధతిలో రిపేరు ఒప్పుకుంటారా అని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోవాలి. ఇంకొకటి, సొంత ఖర్చుగా భరించాల్సిన మొత్తం విలువలో శాతంగా ఉంటే, విలువతో పాటు అదీ పెరుగుతుంది. 20 లక్షల మీద 2 శాతమంటే ప్రతి క్లెయిమ్‌లో మొదటి 40 వేలు మనవే.

అరుగుదల, పుచ్చు, తుప్పు, చెక్క తొలిచే సముద్రపు పురుగులు మామూలుగా కవర్ కావు. తేడా ఉండేది దాని తర్వాతి నష్టంలో. కుళ్లిన పైపుకి డబ్బివ్వకపోయినా, అది తెగి బోటు మునిగితే ఆ నష్టం ఇచ్చే పాలసీలున్నాయి, రెండూ ఇవ్వనివీ ఉన్నాయి. పాత బోటుకి ఈ ఒక్క వాక్యం ప్రీమియం తేడా కంటే విలువైనది. నెలల తరబడి ఒడ్డున ఉన్న చెక్క బోటు పలకలు ఎండి సందులిస్తాయి. నీళ్లలో దింపగానే కారుతుంది, చెక్క ఉబ్బాకే ఆగుతుంది. అప్పుడు మునిగితే ‘ఇది ప్రమాదం కాదు’ అంటారు. బోటుని నీళ్లలోనే క్రేను బెల్టుల్లో ఒకటి రెండు రోజులు వేలాడదీసి, ఒడ్డు కరెంటుతో పంపు పెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

బాగుచేస్తున్న కాలానికి మామూలు పాలసీ సరిపోదు. విప్పేసిన బోటుకీ, వేరే చోట దాచిన ఇంజనుకీ నిర్మాణ దశ పాలసీ కావాలి, పని సాగేకొద్దీ విలువ పెంచుతూ పోవాలి. షెడ్డు తగలబడే కారణాల్లో అవిసె నూనె తుడిచి ఉండ చుట్టి పడేసిన గుడ్డలు ఒకటి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయడం అలవాటు చేసుకోవాలి.

మునిగిన బోటుని తీయించే ఖర్చు బోటు విలువకి అదనంగా ఇస్తారా, అందులోంచే కోస్తారా అన్నది కూడా చూడండి. రెన్యువల్ వచ్చినప్పుడు మాత్రం ప్రీమియం అంకె చూసి సంతకం పెట్టేయకండి. ఫలానా వయసు దాటిన బోటుని అగ్రీడ్ నుంచి మార్కెట్ వాల్యూకి మార్చే నియమాలు కొన్ని కంపెనీలకుంటాయి, ఆ మార్పు కొత్త పాలసీ మధ్య పేజీల్లో ఒక్క వాక్యంగా వస్తుంది.