బడి గోడ మీద చక్కెర లెక్క
మావాడి స్కూల్లో ఈమధ్య గోడకి ఒక బోర్డు పెట్టారు, ఏ కూల్‌డ్రింకులో ఎంత చక్కెర ఉందో చెంచాల లెక్కన. 2025లో సీబీఎస్ఈ తన స్కూళ్లన్నిటికీ ఈ షుగర్ బోర్డులు పెట్టమని చెప్పింది లెండి. 300 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 8 చెంచాలట! వాడు ఇంటికొచ్చి "నాన్నా, నీ టీలో ఎన్ని?" అని నిలదీశాడు, రోజుకి నాలుగు కప్పులు తాగేవాణ్ణి, ఏం చెప్పను. బోర్డు మంచిదే, కానీ గేటు దాటగానే పది రూపాయలకే చిప్స్ ప్యాకెట్ వేలాడుతుంటే పిల్లాడొక్కడే ఎంతకని ఆపుకుంటాడు? చిలీ దేశంలో 2016 నుంచే చక్కెర, ఉప్పు లాంటివి ఎక్కువుంటే ప్యాకెట్ ముందువైపు నల్లటి హెచ్చరిక ముద్రలు వేస్తున్నారు, మన దగ్గరేమో ఆ లెక్కలన్నీ వెనకవైపు, భూతద్దం పెట్టుకుని చదవాల్సిన సైజులో. ప్రస్తుతానికి నేను చెంచాన్నర నుంచి అరచెంచాకి దిగాను, మా ఆవిడ మాత్రం నమ్మట్లేదు.