తెల్లరాయి వెంట, ఏటిగట్టు మీద

పారిస్‌లోని ఆస్టర్లిట్జ్ స్టేషన్‌లో రైలెక్కి గంటన్నరలో బ్లువా పట్టణంలో దిగాము. అక్కడ సైకిళ్ళు అద్దెకు తీసుకొని, లువార్ నది వెంట దిగువకు ఆరు రోజులు తొక్కుకుంటూ వెళ్ళి, సోమూర్ పట్టణంలో వాటిని అప్పగించాలన్నది మా ఏర్పాటు. పారిస్‌లో స్థిరపడిన మా బావమరిది, "బావా, నీ మోకాళ్ళ సంగతి చూసుకో, బ్యాటరీ సైకిలే తీసుకో" అన్నాడు. నీటిపారుదల శాఖ ఉద్యోగంలో ఏళ్ళ తరబడి గోదావరి డెల్టా కాలువగట్ల మీద సైకిలు తొక్కినవాణ్ణన్న పౌరుషంతో నేను మామూలు సైకిలే తీసుకున్నాను. తీరా చూస్తే బ్యాటరీ సైకిలు అతనే తీసుకున్నాడు.

లువార్ ఫ్రాన్సులోకెల్లా పొడవైన నది. వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి అట్లాంటిక్‌లో కలుస్తుంది. దాని ఒడ్డున సుమారు 900 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా యూరప్‌ను అడ్డంగా దాటే ఆరవ నంబరు సైకిలు మార్గంలో ఇదీ ఒక భాగమే. మేము వెళ్ళింది సెప్టెంబరులో. నది బాగా సన్నబడి, ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పారుతోంది. మధ్యమధ్య విల్లో చెట్లు మొలిచిన లంకలు. మొదటి చూపులో వేసవినాటి మా గోదావరే అనిపించింది గాని, ఇక్కడ రేవులో దిగి స్నానం చేసేవారు ఎవరూ కనపడలేదు; ఇసుక కాలి కింద జారిపోతుందని, ఈత నిషేధమని ఒడ్డున పలకలు పెట్టారు.

బ్లువాలో రాజప్రాసాదం కంటే ముందు నన్ను ఆపింది ఒక మెట్ల దారి. ఊరి నడుమ గుట్ట మీదికి ఎక్కే ఆ మెట్ల పైన దెని పపాన్ విగ్రహం ఉంది. ఆవిరిని బిగించి ఎముకలను సైతం మెత్తగా ఉడికించే పాత్రను 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు చూపించినవాడు ఆయనే. మన వంటింట్లో విజిల్ వేసే కుక్కర్‌కు మూలపురుషుడు. బ్లువా దగ్గరి పల్లెలోనే పుట్టాడు. ప్రొటెస్టెంటు కావడం వల్ల, ఆ మతాన్ని ఫ్రాన్సులో నిషేధించిన 1685 తరువాత స్వదేశానికి తిరిగి రాలేకపోయాడు. కందిపప్పు ఉడికించే ప్రతి ఇల్లూ ఆయనకు ఋణపడి ఉందని అంటే, మా బావమరిది విగ్రహానికి నిజంగానే నమస్కారం పెట్టాడు.

మరునాడు షాంబోర్ కోటకు వెళ్ళి వచ్చాము. అడవి మధ్య నిటారుగా సాగిన దారిలో చాలాసేపు ఏమీ కనపడదు. ఉన్నట్టుండి చెట్ల కొనల మీద పొగగొట్టాలు, బురుజులు, శిఖరాలు ఒక చిన్న పట్టణమంత గుంపుగా తేలుతాయి. మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో మొదలుపెట్టించిన ఈ వేట విడిదిలో 440 గదులు, 282 పొగగూళ్ళు ఉన్నాయి. చుట్టూ ఉన్న వేట అడవికి 32 కిలోమీటర్ల ప్రహరీ. ఇంతా చేసి రాజు తన పాలన మొత్తంలో ఇక్కడ గడిపిన రోజులు వందైనా లేవు. ఒకరికొకరు ఎదురుపడకుండా ఇద్దరు ఎక్కిదిగగలిగిన జంట మెలికల మెట్లను చూడడానికి జనం బారులు తీరారు. నాకు మాత్రం ఆ కప్పు మీది రాతిపని ఎక్కువ నచ్చింది. పాలరాయి దొరకక, తెల్లరాతిలో నల్లని పలకరాతి ముక్కలు వృత్తాలుగా, చతురస్రాలుగా పొదిగి పాలరాయి భ్రమ కల్పించారు.

ఆ తెల్లరాయి పేరు తుఫో. అక్కడి నుంచి యాత్ర ముగిసేదాకా నా కళ్ళు దాన్నే వెతికాయి. సుమారు 9 కోట్ల సంవత్సరాల కిందట ఈ నేల మీద ఉన్న సముద్రం అడుగున పేరుకున్న మెత్తని సున్నపురాయి ఇది. భూగర్భ శాస్త్రంలో ఆ కాలానికి తురోనియన్ అన్న పేరు ఈ తూరేన్ ప్రాంతం వల్లనే వచ్చింది. గోరుతో గీస్తే గీత పడుతుంది, రంపంతో కోయవచ్చు, చెక్కడానికి కర్రంత లొంగుతుంది. పరిమాణంలో దాదాపు సగం రంధ్రాలే కాబట్టి తేలిక. అదే కారణంగా నీటిని స్పాంజిలా పీలుస్తుంది. ఇంజనీరుగా నాకు అందులో రెండవ గుణమే ముందు కనిపించింది.

బ్లువా నుంచి ఆంబువాజ్‌కు వెళ్ళే రోజంతా కోటల గొడవ పెట్టుకోలేదు. ద్రాక్ష తోటల్లో కోత మొదలైంది. దారి ఒకచోట గట్టు మీద, ఒకచోట గట్టు దిగువన పొలాల్లో, ఒకచోట చర్చి గోడలను రాసుకుంటూ పోతుంది. గంటకు 12 కిలోమీటర్లకు మించని వేగంలో, ఎవరి పెరట్లో ఏం కాసిందో కూడా తెలిసిపోతుంది. ఎదురైన ప్రతివారూ 'బోంజూర్' అన్నారు. ఆదివారం ఉదయం ఆంబువాజ్ నది ఒడ్డు సంతలో సెంత్-మోర్ మేకపాల జున్ను కొన్నాము. బూడిద పూసిన పొడుగాటి కడ్డీలా ఉండే దాని మధ్యలోంచి ఒక గడ్డిపరక పోతుంది. విరిగిపోకుండా దాన్ని పట్టి ఉంచేది ఆ పరకే. ఆ ఊళ్ళోనే లియొనార్దో దా విన్చి తన చివరి మూడేళ్ళు గడిపి, 1519 మే 2న కన్నుమూశాడు. ఆయన ఉన్న ఇంటిని జాగ్రత్తగా కాపాడుతున్నారు, అయితే అక్కడి జనసమ్మర్దంలో తీరికగా చూసే వీలు చిక్కలేదు.

తూర్ పట్టణంలో రాత్రి బస చేసి, షేర్ ఉపనది వెంట విలాంద్రీ చేరాము. అక్కడి ఉద్యానంలో క్యాబేజీ, గుమ్మడి, మిరప మొక్కలను తివాచీ అల్లికలా తొమ్మిది చదరాల్లో నాటారు. చక్కగా ఉంది, కాని కోసుకొని వండుకోని కూరతోట నాకు కొంచెం వెలితిగానే తోచింది. ఆ వెలితి కడుపులోనూ తెలిసింది. అది సోమవారం. ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం దాకా పల్లెల్లో చాలా కొట్లు మూసి ఉంటాయన్న సంగతి ఇద్దరమూ మరిచాము. తరువాతి ఊళ్ళో రొట్టెల దుకాణం తలుపు మూసి ఉంది. దాని పై ఊళ్ళో భోజనశాలకు చేరేసరికి రెండుంపావు. రెండింటికే వంటిల్లు కట్టేశామని మర్యాదగానే చెప్పి పంపారు. మిగిలిన జున్నుముక్కనూ, సంచి అడుగున దొరికిన జంతికలనూ గట్టు మీద కూర్చొని తిన్నాము.

ఆ గట్టు గురించి చెప్పాలి. లువార్ వరదలను ఆపడానికి ఈ కట్టలు పోయడం 12వ శతాబ్దంలో, ఇంగ్లండు రాజూ ఆన్జూ ప్రభువూ అయిన రెండవ హెన్రీ కాలంలో ఊపందుకుంది. తరువాత ప్రతి తరమూ వాటిని పొడిగిస్తూ, ఎత్తు పెంచుతూ పోయింది. నదిని ఇరుకున పెట్టినకొద్దీ నీటిమట్టం పైకి లేస్తుందన్నది మా వృత్తిలో పాత పాఠం. 1846, 1856, 1866లలో వచ్చిన మూడు మహా వరదలు కట్టలను ఎన్నోచోట్ల తెంచుకుపోయాయి. వాటిలో మొదటిది వచ్చిన మరుసటి ఏడే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. ఆ వరదల గుర్తులు గీతలుగా, అంకెలుగా ఇళ్ళ గోడల మీద ఇప్పటికీ చెక్కి ఉన్నాయి. ఒకచోట 1856 గీత నా తలకు పైనే ఉంది. గత శతాబ్దంలో ఇసుకను విపరీతంగా తవ్వడంతో నది అడుగు దిగిపోయిందనీ, ఆ తరువాతే నదిగర్భంలో తవ్వకం ఆపారనీ మా బావమరిది చెప్తుంటే, నాకు మా ఊరి ర్యాంపుల్లోని లారీలు గుర్తుకొచ్చి ఊరుకున్నాను.

వియెన్ నది లువార్‌లో కలిసే కాంద్-సాన్-మార్తాన్ దగ్గర రెండు నీళ్ళ రంగులూ కొంతదూరం వేరువేరుగా సాగుతాయి. 397లో సెయింట్ మార్టిన్ అనే క్రైస్తవ సాధువు కన్నుమూసిన ఊరు అది. చివరిరోజు ఉదయం అక్కడి నుంచి నదిని విడిచి ఎత్తు మీదికి తొక్కి ఫోంతెవ్రో మఠానికి వెళ్ళాము. ఆరు రోజుల్లో నిజంగా మోకాళ్ళు నొప్పెట్టింది ఆ ఒక్క ఎత్తులోనే. 1101లో స్థాపించిన ఈ మఠాన్ని నెపోలియన్ 1804లో కారాగారంగా మార్చాడు. 1963 దాకా అది కారాగారంగానే నడిచింది. బోసిగా, వెలుతురుగా ఉన్న చర్చి నడుమ రంగులు వెలిసిన నాలుగు శయన విగ్రహాలున్నాయి. గట్లు పోయించిన రెండవ హెన్రీ, ఆయన భార్య ఎలియనోర్, కొడుకు సింహహృదయ రిచర్డు తుఫో రాతిలో, కోడలు ఇసబెల్ కర్రలో. రాణి చేతిలో తెరిచిన పుస్తకం ఉంది. పక్కన భర్త కళ్ళు మూసుకున్నాడు, ఆమె మాత్రం చదువుకుంటూనే ఉంది. భర్తకు ఎదురుతిరిగిన కొడుకుల పక్షం వహించి పదిహేనేళ్ళకు పైగా అతని చెరలో గడిపిన ఇల్లాలికి ఆ శిల్పి చేసిన న్యాయం అదేనేమో.

మళ్ళీ నదికి దిగితే, మోన్సోరో నుంచి సోమూర్ దాకా ఒడ్డంతా తెల్లని కొండచరియ. కోటలకూ ఇళ్ళకూ రాయి తవ్వగా మిగిలిన గుహల్లోనే తలుపులు, కిటికీలు బిగించి కాపురాలు పెట్టారు. కొండ నెత్తిన ద్రాక్షతోట, ఆ తోటలోంచి లేచిన పొగగొట్టం. పుట్టగొడుగులు పెంచేదీ, ద్రాక్షసారా పీపాలు దాచేదీ ఈ గుహల్లోనే. సుజే గ్రామంలో సైకిలు దారి తిన్నగా కొండ లోపలికే దూరుతుంది. ఎండలోంచి ఒక్కసారిగా ఆ చల్లదనంలోకి వెళ్ళాక దిగి నడిచాము. ఉలి గాట్లు గోడ మీద నిన్న కొట్టినంత తాజాగా ఉన్నాయి. షాంబోర్‌లో ఆకాశంలో చూసినదాన్ని ఇక్కడ అది పుట్టిన గోతిలో చూస్తున్నాను.

అలాంటి గుహలోనే మధ్యాహ్న భోజనం. కట్టెల పొయ్యిలో వేసిన చిన్న పిండి బిళ్ళ పుల్కాలా పొంగుతుంది. దాన్ని చీల్చి ఉడికించిన చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు కూరి ఇస్తారు. ఫువే అంటారు. శాకాహారినైన నేను ఆ వారంలో ఆకలి తీరా తిన్నది అక్కడే, ఏడు తిన్నాను.

సోమూర్ కోట ఊరికి పైన తెల్లగా, బొమ్మలా నిలిచి ఉంది. దాని ఉత్తరపు ప్రాకారం 2001లో కూలిపోయింది. తిరిగి కట్టిన ఆ గోడ దగ్గరకు వెళ్ళి, కొత్త రాయి మీదా పాత రాయి మీదా చెయ్యి వేసి చూశాను. "రిటైరై కూడా తనిఖీ మానవా బావా?" అని మా బావమరిది నవ్వాడు. అద్దె దుకాణంలో సైకిలు అప్పగించేటప్పుడు మడ్‌గార్డు లోపల తెల్లని బురద సున్నంలా అంటుకొని ఉంది. దుకాణం అబ్బాయి ఏమీ అనకుండా నీటి గొట్టం పెట్టి కడిగేశాడు. రైల్వే స్టేషన్ నదికి ఆవలి ఒడ్డున ఉండడంతో సంచులు భుజాన వేసుకొని వంతెన మీదుగా నడిచి వెళ్ళాము.