సాయంత్రం 198 వోల్టులు

ఆదివారం రాత్రి, పర్లాకిమిడి

పొద్దున్న కాఫీ తాగి, నేను కట్టబోయే యాంప్లిఫయర్ కోసం బల్ల మీద పాత పంచె పరిచి వాల్వులు, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు, బయటికి తీశాను. నాన్నగారి రేడియోలోంచి తీసిన ఇ.ఎల్.84 ఒకటి, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీ. స్నేహితుడు ఇచ్చిన రష్యన్ 6ఎస్4ఎస్ జత ఒకటి. 300బి, 2ఎ3 నా దగ్గర లేవు, వాటి డేటా కాగితాలే ఉన్నాయి. ఏదో ఒకటి ఈరోజు తేల్చుకోవాలి. ఏ సాకెట్టో తెలియకుండా చాసిస్ రేకుకి, అంటే అన్నీ బిగించే అడుగు రేకుకి, కన్నాలు ఎలా కొట్టించను?

300బి మీద నాకు ఏళ్ళ నాటి మోజు. 1938లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు తెచ్చిన వాల్వు అది. సింగిల్ ఎండెడ్‌లో , అంటే పాటంతా ఒక్క వాల్వే మోసే పద్ధతిలో, 8 వాట్ల దాకా ఇస్తుంది. 2ఎ3 ఇచ్చేది మూడున్నరే. సగం కూడా లేదే అని మనసు పీకుతూనే ఉంది. కానీ డెసిబెల్స్‌లో లెక్కేస్తే ఆ తేడా 3.6. మా ముందుగది 10 అడుగులకి 12. నా స్పీకరు ఒక్క వాటుకే మీటరు దూరంలో 94 డెసిబెల్స్ పలుకుతుంది. మూడున్నర వాట్లిస్తే 99 దాటుతుంది. అమ్మ తెల్లవారుజామున పక్కింటివాళ్ళు లేవకుండా వినేదానికి అందులో పిసరంత చాలు. 300బి కాగితం మడిచి డ్రాయరులో పెట్టేశాను. బాధగానే ఉంది.

ఇ.ఎల్.84 అయిదు ఎలక్ట్రోడ్ల పెంటోడే అయినా, స్క్రీన్‌ని ప్లేటుకి కలిపితే మూడు ఎలక్ట్రోడ్ల ట్రయోడ్‌లా నడుస్తుంది, 2 వాట్ల దాకా వస్తుంది. కానీ అది నాన్నగారు విజయవాడ స్టేషన్ విన్న రేడియోది. తిరిగి అందులోనే పెట్టాలి.

ఇక మిగిలినవి 2ఎ3, 6ఎస్4ఎస్. రెండూ అన్నదమ్ములే. ప్లేటుకి 250 వోల్టులు, గ్రిడ్‌కి మైనస్ 45 (దీన్నే బయాస్ అంటారు), కరెంటు 60 మిల్లీ ఆంపియర్లు, లోడు 2500 ఓములు. అంకెలన్నీ ఒకటే, లోపల వేడెక్కే తీగ, అదే ఫిలమెంట్, దాని దగ్గరే తేడా. 2ఎ3కి 2.5 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. 6ఎస్4ఎస్‌కి 6.3 వోల్టులు, ఒక్క ఆంపియరు. వీటిలో ఫిలమెంటే ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్ కాబట్టి దానికి ఏసీ ఇస్తే ఆ ఏసీ పాటలోకి వచ్చేస్తుంది. పాట్ (తిప్పే రెసిస్టర్) తిప్పి, గుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్‌ని చంపినా, అడుగున 100 హెర్ట్జ్ రొద మిగిలే ఉంటుంది. వోల్టేజీ ఎంత తక్కువైతే రొద అంత తక్కువ. అందుకే 2ఎ3 తీసుకోమంటారు. నిన్నటిదాకా నేనూ ఆ మాట మీదే ఉన్నాను.

మనసు మార్చింది నా నోటు పుస్తకం. మూడు వారాలుగా మల్టీమీటరు ప్లగ్గులో పెట్టి ఇంటి కరెంటు ఎన్ని వోల్టులో రాసుకుంటున్నాను. పొద్దున్న 7 గంటలకి 229. రాత్రి ఏడున్నరకి 198. పదకొండుకి 246. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా ఫిలమెంట్‌కి ఇస్తే, 6.3 రావాల్సిన చోట సాయంత్రం 5.4, అర్ధరాత్రి 6.7. ఇలా రోజూ ఊగితే వాల్వు ఎన్నాళ్ళు ఉంటుంది? కాబట్టి ఏ వాల్వు పెట్టినా ఫిలమెంట్‌కి రెగ్యులేటెడ్ డీసీ తప్పదు. డీసీ అన్నాక హమ్ గొడవే లేదు. అప్పుడు రెండున్నర ఆంపియర్లని రెగ్యులేట్ చెయ్యడం కన్నా ఒక్క ఆంపియరే సులువు. అంటే 2ఎ3కి ఉన్న పెద్ద గుణం మా ఇంట్లో పనికిరాదు. చేతిలో ఉన్న జతే సరైనది.

ఈ లెక్క మధ్యాహ్నం మూడుసార్లు వేశాను. మొదట ఆ డీసీ కోసం ట్రాన్స్‌ఫార్మర్‌లో 9 వోల్టుల వైండింగ్ (తీగ చుట్ట) చాలనుకున్నాను. 198కి పడిపోయినప్పుడు రెగ్యులేటర్‌కి ఊపిరి ఆడదని తేలింది. 12 పెడితే సరిపోతుంది, కానీ 246 వేళ ఒక్కో రెగ్యులేటర్ మీద 10 వాట్ల దాకా వేడి. పెద్ద హీట్‌సింక్ వెనక వైపు బిగించాలి.

బరంపురం మేస్త్రికి ఫోన్ చేశాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు , అంటే వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఉండేవి, చుట్టింది ఆయనే. మొదటిసారి అలవాటు కొద్దీ ఇ రేకులు, ఐ రేకులు అటొకటి ఇటొకటి అల్లేశాడు. సింగిల్ ఎండెడ్‌లో డీసీ నిత్యం ఒకే వైపు పారుతూ ఉంటుంది, రేకుల మధ్య గ్యాప్ లేకపోతే కోర్ అయస్కాంతంతో నిండిపోయి బేస్ పోతుందని చెబితే నా ఎదుటే విప్పాడు. ఇ రేకులన్నీ ఒక పక్క, ఐ రేకులన్నీ ఇంకో పక్క పేర్చి, మధ్యలో కాగితం పెట్టి బిగించాడు. రేకుల వార్నిష్ వాసన ఇంకా నా సంచిలో ఉంది.

"అన్నా, 12 వోల్టులవి రెండు వైండింగులు కావాలి, ఒక్కోటి 2 ఆంపియర్లు మొయ్యాలి" అన్నాను.

"రెండూ కలిపెయ్యనా బాబూ?"

"వద్దన్నా, వేరువేరుగానే. ఒక్కో వాల్వుకి బయాస్ ఒక్కోలా ఉంటుంది, కలిపితే కుదరదు."

"అయితే గురువారం రా. బోబిన్ ఉంది."

బయాస్ కుదిర్చే క్యాథోడ్ రెసిస్టర్ 750 కాకుండా 820 ఓములు పెడతాను. 250 వోల్టులు, 60 మిల్లీ ఆంపియర్లు అంటే సరిగ్గా 15 వాట్లు. అదే ఆ వాల్వు గరిష్ఠం. మా కరెంటుతో అంచున నిలబెట్టలేను. 55 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగితే చాలు.

సాయంత్రం అమ్మ వచ్చి 6ఎస్4ఎస్ ఒకటి కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది. లోపల రెండు బూడిద రంగు ప్లేట్లు పక్కపక్కన.

"ఒరే, ఇవేనా వెలిగే దీపాలు?"

"ఇవేనమ్మా."

"రేడియోలో దాన్ని మాత్రం దాని చోట పెట్టెయ్."

పెట్టేశాను. ఇప్పుడే మీటరు చూశాను, 244. పుస్తకంలో రాశాను. రేపు నాలుగు ఆక్టల్ (ఎనిమిది కాళ్ళ) సాకెట్లు తెప్పించాలి, రెండు వీటికి, రెండు వీటికి ముందు పాటని పెంచే డ్రైవర్ వాల్వులు 6ఎస్ఎన్7లకి.