క్రోమ్‌బుక్ మీద టీ ఒలికిన రోజు

సంక్రాంతి సెలవులకు ముందు నా క్రోమ్‌బుక్ మీద గ్లాసెడు టీ ఒలికింది. క్రోమ్‌బుక్ అంటే విండోస్ బదులు గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్. తుడిచాను, బోర్లించి ఫ్యాన్ కింద పెట్టాను, అయినా ఆన్ కాలేదు. మర్నాడు పొద్దున్నే తొమ్మిదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం స్కూల్లో ఇవ్వాలి. పాత విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఆ రాత్రి ఏడుపే నాకు. కానీ పేపర్ నెట్‌లోనే దాచిపెట్టే గూగుల్ డాక్స్‌లో ఉంది కాబట్టి పక్కింటి అక్క వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్‌లో నా మెయిల్‌తో లాగిన్ అయితే, ఆపేసిన వాక్యం ఆపేసినట్టే కనబడింది. మిగతా నాలుగు ప్రశ్నలు అక్కడే కూర్చుని రాసేశాను.

తర్వాతి వారం ఇంకో క్రోమ్‌బుక్ కొని లాగిన్ అయ్యాక బుక్‌మార్కులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ వాటంతటవే వచ్చేశాయి, స్కూల్ వైఫై పాస్‌వర్డ్ కూడా మళ్లీ కొట్టాల్సిన పని పడలేదు. రానివి మాత్రం పిల్లల విహారయాత్ర ఫోటోలు. వాట్సాప్ వెబ్ నుంచి దించుకున్నవన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడతాయి, ఆ ఫోల్డర్ ఉండేది మెషీన్‌లోనే, నెట్‌లో ఉండే గూగుల్ డ్రైవ్‌లో కాదు. నాకది అప్పుడే తెలిసింది. పవర్‌వాష్ చేసినా, అంటే మెషీన్‌ను మొత్తం తుడిచి కొత్తదానిలా చేసినా, అందులోవి పోతాయి. మీకు కావలసినవి ఏమైనా అందులో ఉంటే ఈరోజే డ్రైవ్‌లోకి మార్చుకోండి. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు కూడా సర్దుకోవాలి కాబట్టి కాస్త చూసుకుంటూ ఉండాలి.

నా పని పెద్దదేమీ కాదు. మార్కుల షీట్లు, ప్రశ్నపత్రాలు, యూట్యూబ్ పాఠాలు, రాత్రి కాసేపు బ్లాగు. దీనికి 4 జీబీ ర్యామ్ సరిపోతోంది, ట్యాబ్‌లు పదిహేను దాటితేనే నెమ్మదిస్తుంది. మూత తెరిచేలోపే సిద్ధంగా ఉంటుంది, బ్యాగులో వేసుకుని బస్సులో నిలబడినా భుజం లాగదు. తెలుగు టైపింగ్‌కు సెట్టింగ్స్‌లో, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకున్నాను, కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మారుతుంది. క్యాప్స్ లాక్ ఉండాల్సిన చోట సెర్చ్ కీ ఉంటుంది, చెయ్యి అలవాటు పడటానికి ఒక వారం పట్టింది.

కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది గానీ రూటర్ ఆగిపోతుంది, ఫోన్ హాట్‌స్పాట్‌కూ సిగ్నల్ లేని రాత్రులుంటాయి. అందుకని రేపు కావలసిన ఫైళ్లకు ముందే ఆఫ్‌లైన్ ఆప్షన్ ఆన్ చేసి ఉంచుతాను. నెట్ వచ్చాక మార్పులు దానంతటదే ఎక్కించుకుంటుంది.

అయితే డీటీపీ షాపుల్లో వాడే అను తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పని చేసేవాళ్లు దీన్ని కొనొద్దు. అవి విండోస్ కోసం చేసినవి, ఇందులో నడవవు. ఆ ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను ఇందులో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మా స్కూల్ వార్షిక సంచిక కోసం పాత కథలన్నీ అలాగే వస్తే, ఒక్కోటీ ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోవడానికి డీటీపీ షాపు చుట్టూ మూడు రోజులు తిరిగాను. తెలుగులో ఇంత రాత యూనికోడ్ కాని ఫాంట్లలో చిక్కుకుని ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ట్యాలీతో లెక్కలు రాసేవాళ్లకూ విండోస్ మెషీనే మంచిది.

మా చెల్లి వాళ్ల పాప డిగ్రీలో చేరింది, సెకండ్ హ్యాండ్ క్రోమ్‌బుక్ తీసుకోవచ్చా అని అడుగుతోంది. తీసుకోవచ్చు, కానీ ధర కంటే ముందు అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో చూడమన్నాను. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది, అయితే ఆ పదేళ్లు లెక్కపెట్టేది మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ లోపలి హార్డ్‌వేర్ (ప్లాట్‌ఫామ్) మొదట బయటికొచ్చినప్పటి నుంచి. సెట్టింగ్స్‌లో అబౌట్ క్రోమ్ ఓఎస్‌లోకి వెళితే నెల, సంవత్సరంతో సహా ఉంటుంది. అమ్మేవాళ్లను ఆ పేజీ ఫోటో పంపమని అడిగింది, ఇంకా రాలేదు.